అమెరికాలో డెత్ సర్టిఫికెట్: కౌంటీలో తీసుకోవాలా, స్టేట్‌లోనా, ఫ్యూనరల్ హోమ్ ద్వారానా?

అమెరికాలో మరణాలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసంటూ లేదు. నమోదు బాధ్యత స్టేట్‌ది. కాపీలు ఇచ్చే పని చాలా స్టేట్లలో కౌంటీకో (మన జిల్లా లాంటిది) సిటీకో కూడా ఉంటుంది. అందుకే ఇంట్లో మనిషి పోయిన వారంలోనే ఒకరు "కౌంటీ క్లర్క్ దగ్గరికి వెళ్ళండి" అంటారు, ఇంకొకరు "స్టేట్‌కి రాయాలి" అంటారు, మూడోవారు "ఆన్‌లైన్‌లో కట్టేయండి, ఇంటికే వస్తుంది" అంటారు. ముగ్గురి మాటా నిజమే. మీ పనికి ఏది సరిపోతుందో తేలాలంటే ఆ కాగితం చివరికి ఎవరి బల్ల మీదకు చేరాలో ముందు చూసుకోవాలి. డాలస్‌లోని బ్యాంకుకు చాలిన కాపీ గుంటూరు తహసీల్దారు ఆఫీసులో ఆగిపోవచ్చు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మరణం ఎక్కడ జరిగింది. ఎక్కడ నివసించారన్నది లెక్కలోకి రాదు, ప్రాణం పోయిన చోటే లెక్క. ఫ్రిస్కోలో ఇల్లున్న మనిషి డాలస్ ఆసుపత్రిలో పోతే ఫ్రిస్కో వైపు వెతికితే దొరకదు. పైగా ఫ్రిస్కో ఊరే కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. హ్యూస్టన్ హ్యారిస్ కౌంటీ దాటి ఫోర్ట్ బెండ్‌లోకి, మాంట్‌గమరీలోకి కూడా వెళ్తుంది. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. తప్పు కౌంటీకి దరఖాస్తు పెడితే "రికార్డు లేదు" అని జవాబొస్తుంది, వెతికినందుకు కట్టిన ఫీజు సాధారణంగా తిరిగి రాదు. ఆసుపత్రి చిరునామా తీసుకుని అది ఏ కౌంటీయో ముందే చూసుకోండి.

అడిగేవారు పోయినవారికి ఏమవుతారు. టెక్సాస్‌లో మరణం జరిగి 25 ఏళ్ళు దాటేవరకు రికార్డు అందరికీ ఇవ్వరు. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాత అమ్మమ్మలు, చట్టపరమైన సంరక్షకులు, ప్రతినిధులు అడగవచ్చు. మనవాళ్ళు ఇబ్బంది పడేది ఇక్కడే. పెదనాన్న కొడుకును మనం అన్నయ్య అంటాం, ఫారంలో 'బ్రదర్' అని రాసేస్తాం. వారి లెక్కలో అతను కజిన్. మేనమామ, మేనల్లుడు, బాబాయి కూడా ఆ జాబితాలో లేరు. దగ్గరుండి అంత్యక్రియలన్నీ నడిపించినవారైనా సరే, బీమా నామినీ అనో, కోర్టు నియమించిన ప్రతినిధి అనో కాగితం చూపాలి. ఒహాయో పద్ధతి వేరు, అక్కడ ఎవరు అడిగినా ఇస్తారు.

కాగితం ఎక్కడ వాడాలి. అమెరికాలోనేనా, ఇండియాలో కూడానా? ఇండియాకు వెళ్ళేదైతే అపోస్టిల్ కావాలి, అంటే కాగితం వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం జతచేసే ధ్రువీకరణ. అప్పుడు సర్టిఫికెట్ మీద ఏ అధికారి సంతకం ఉందన్నది కీలకం.

ఎన్ని కాపీలు. దీని లెక్క కింద వస్తుంది.

## ముందు కాపీ రకం, తర్వాతే ఆఫీసు

సర్టిఫైడ్ కాపీ అంటే సెక్యూరిటీ కాగితం మీద రిజిస్ట్రార్ సంతకం, ముద్రతో వచ్చేది. చట్టపరమైన పనులకు ఇదే కావాలి. దాని జెరాక్స్ మీద నోటరీ వేయిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. టెక్సాస్‌లోనైతే జనన మరణ రికార్డుల నకళ్ళను ధ్రువీకరించే అధికారం నోటరీలకు లేదు.

కాలిఫోర్నియాలో రెండు రకాలున్నాయి. ఆథరైజ్డ్ కాపీ దగ్గరి బంధువులకు మాత్రమే ఇస్తారు. ఇన్ఫర్మేషనల్ కాపీ ఎవరికైనా ఇస్తారు, కానీ గుర్తింపుకు ఇది చెల్లదని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. బ్యాంకు, బీమా పనులకు రెండోది పనికిరాదు. ఆన్‌లైన్ ఫారంలో తొందరలో దాన్ని ఎంచుకుని మళ్ళీ మొదటికి వచ్చేవారు తక్కువేమీ కాదు.

ఫ్లోరిడాలో మరణ కారణం ఉన్న కాపీ, లేని కాపీ అని రెండు. 18 ఏళ్ళు నిండిన ఎవరైనా కారణం లేనిది తీసుకోవచ్చు. కారణం ఉన్నది 50 ఏళ్ళ వరకు దగ్గరివారికే. వాషింగ్టన్ స్టేట్‌లో లాంగ్ ఫారం, షార్ట్ ఫారం అంటారు, షార్ట్ ఫారంలో కారణం ఉండదు. ఈ తేడా మనకు అలవాటు లేదు. ఇండియాలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్‌లో మరణ కారణం రాయనే రాయరు. అమెరికా కాపీ మీద మాత్రం గుండెపోటో, కాలేయ జబ్బో, ఆత్మహత్యో స్పష్టంగా ఉంటుంది. పొలం మ్యుటేషన్ కోసం ఊరికి పంపే కాగితం ఎంతమంది చేతులు మారుతుందో మీకు తెలుసు. జీవిత బీమాకు కారణం ఉన్నది తప్పదు, బ్యాంకుకూ ఆస్తికీ సాధారణంగా అక్కర్లేదు. రెండు రకాలూ ఇచ్చే స్టేట్ అయితే రెండూ తీసుకోండి.

## నాలుగు దారులు

| | ఫ్యూనరల్ హోమ్ | కౌంటీ లేదా సిటీ | స్టేట్ ఆఫీసు | ఆన్‌లైన్ ఏజెంటు |
|---|---|---|---|---|
| ఎప్పుడు మేలు | మొదటి రెండు మూడు వారాల్లో | ఈమధ్య మరణాలకు, స్వయంగా వెళ్ళగలిగితే | పాత మరణాలకు, కౌంటీ తెలియనప్పుడు | వేరే స్టేట్‌లో ఉండి వెళ్ళలేనప్పుడు |
| వేగం | నమోదు కాగానే | చాలాచోట్ల అదే రోజు | పోస్టులో వారాలు | స్టేట్ వేగమే, కొరియర్ అదనం |
| ఖర్చు | సర్టిఫికెట్ ఫీజు, కొన్నిచోట్ల సేవా రుసుము | స్టేట్‌కు దగ్గరగా | స్టేట్ ఫీజు | ఫీజు, సేవా రుసుము, కొరియర్ |
| అపోస్టిల్‌కు | ఎవరు సంతకం చేశారో అడగాలి | కొన్నిచోట్ల అదనపు మెట్టు | ఇబ్బంది తక్కువ | స్టేట్ కాపీయే వస్తే ఇబ్బంది లేదు |

ఫ్యూనరల్ హోమ్. అంటే అంత్యక్రియలు ఏర్పాటు చేసే సంస్థ. డెత్ సర్టిఫికెట్ తయారీ మొదలయ్యేది వీళ్ళ దగ్గరే. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు కుటుంబాన్ని అడిగి నింపుతారు. వైద్య భాగాన్ని డాక్టరో మెడికల్ ఎగ్జామినరో (ఆకస్మిక మరణాలను విచారించే ప్రభుత్వ వైద్యాధికారి) పూర్తిచేస్తారు. టెక్సాస్‌లో ఇదంతా 10 రోజుల్లో దాఖలు కావాలి, కాలిఫోర్నియాలో 8 రోజుల్లో. "ఎన్ని కాపీలు కావాలి?" అని ఫ్యూనరల్ డైరెక్టర్ మొదటి రోజే అడుగుతారు. ఆ స్థితిలో ఎవరికీ ఏమీ తోచదు, ఒకటో రెండో అనేస్తారు. దహనం చేసి అస్థికలు తీసుకెళ్ళినా, పార్థివ దేహాన్ని ఇండియాకు పంపినా కాన్సులేట్ పనులకు వెంటనే కాపీలు కావాలి. ఆ మొదటి కాపీలు ఫ్యూనరల్ హోమ్ ద్వారా తీసుకోవడమే తేలిక. ఆ హడావుడిలో అపోస్టిల్ కోసం ఆగకండి.

కౌంటీ లేదా సిటీ రిజిస్ట్రార్. గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్తే చేతికిచ్చే చోటు ఇది. అయితే 'కౌంటీ' అన్న మాట ఒక్కోచోట ఒక్కో ఆఫీసు. టెక్సాస్‌లో కౌంటీ క్లర్క్ కావచ్చు, సిటీ రిజిస్ట్రార్ కావచ్చు. ఫ్లోరిడాలో కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్. లాస్ ఏంజెలెస్‌లో కొత్త మరణాలకు కౌంటీ పబ్లిక్ హెల్త్ ఆఫీసు, తర్వాత రిజిస్ట్రార్ రికార్డర్ ఆఫీసు. పెన్సిల్వేనియాలో కౌంటీ ఇవ్వనే ఇవ్వదు. 1906 నుంచి రికార్డులన్నీ స్టేట్ దగ్గరే ఉన్నాయి, అంతకుముందువి వెతికేవారికే కౌంటీ కోర్టుహౌసు. న్యూయార్క్ సిటీలోనైతే ఐదు బరోలకూ (నగర విభాగాలకు) కలిపి నగర ఆరోగ్య శాఖే ఇస్తుంది, స్టేట్ ఆఫీసుకు రాస్తే వెనక్కి పంపుతారు.

స్టేట్ ఆఫీసు. మరణం ఏ కౌంటీలో జరిగిందో తెలియకపోయినా ఇక్కడ దొరుకుతుంది. లోపం ఆలస్యం. పోస్టులో పంపే దరఖాస్తుకు చాలాచోట్ల నోటరీ కావాలి. టెక్సాస్‌లోనూ, కాలిఫోర్నియా ఆథరైజ్డ్ కాపీకీ ఈ నిబంధన ఉంది. దరఖాస్తుదారు ఇండియాలో ఉంటే ఇదే పెద్ద చిక్కు. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ సేవ ఉంది, ఒక్కో ముద్రకు 50 డాలర్లు, అపాయింట్‌మెంట్ కావాలి. అమెరికాలోనే అర్హత ఉన్న తోబుట్టువో పిల్లలో ఉంటే వాళ్ళ చేత పెట్టించడం మేలు.

ఆన్‌లైన్ ఏజెంటు. చాలా స్టేట్లు ప్రైవేటు కంపెనీ అయిన వైటల్‌చెక్‌తో ఒప్పందం పెట్టుకున్నాయి, టెక్సాస్‌కు సొంత స్టేట్ పోర్టల్ ఉంది. ఏజెంటు దరఖాస్తును ఆఫీసుకు చేరవేస్తుందే తప్ప సర్టిఫికెట్ తయారుచేయదు. కాబట్టి డబ్బు ఎక్కువ కడితే ఆఫీసు లోపల పని వేగంగా జరుగుతుందనుకోకండి, కట్టేది ఎక్కువగా కొరియర్‌కే. సెర్చ్‌లో ముందుగా కనబడే సైట్లలో ఏ ఒప్పందమూ లేనివి కూడా ఉంటాయి. అవి ఫారం నింపి పెట్టి డబ్బు తీసుకుంటాయి, అంతే. స్టేట్ ఆరోగ్య శాఖ సొంత పేజీలో ఉన్న లింకు మీదుగానే వెళ్ళండి.

## కాపీల లెక్క

| ఎక్కడ | మొదటి కాపీ | అదే దరఖాస్తులో అదనపు కాపీ | 10 కాపీలకు |
|---|---|---|---|
| ఫ్లోరిడా స్టేట్ | 5 డాలర్లు | 4 | 41 |
| న్యూజెర్సీ స్టేట్ | 25 | 2 | 43 |
| టెక్సాస్ స్టేట్ | 20 | 3 | 47 |
| టెక్సాస్ లోకల్ | 21 | 4 | 57 |
| జార్జియా | 25 | 5 | 70 |
| న్యూయార్క్ సిటీ | 15 | 15 | 150 |
| పెన్సిల్వేనియా | 20 | 20 | 200 |

ఫీజులు మారుతుంటాయి, డబ్బు కట్టే ముందు ఫారం మీద అంకె చూడండి. టెక్సాస్, న్యూజెర్సీ, జార్జియాల్లో ఒకేసారి ఎక్కువ తీసుకోవడమే లాభం, ఎందుకంటే తర్వాత మళ్ళీ అడిగితే మొదటి కాపీ ధరే కట్టాలి. పెన్సిల్వేనియాలో, న్యూయార్క్ సిటీలో ఆ లాభం లేదు, అవసరమైనన్నే తీసుకోండి.

ఒరిజినల్ ఉంచుకునేవారు జీవిత బీమా కంపెనీలు (ఒక్కో పాలసీకి ఒకటి), 401కే రిటైర్మెంట్ ఖాతాలు, బ్రోకరేజీ ఖాతాలు, ఇల్లు ఉమ్మడి పేరు మీద ఉంటే కౌంటీ రికార్డు. చూసి తిరిగి ఇచ్చేసేవారు చాలా బ్యాంకులు, కారు టైటిల్ ఆఫీసు. సోషల్ సెక్యూరిటీకి సాధారణంగా ఫ్యూనరల్ హోమే తెలియజేస్తుంది. అమెరికాలో ఇల్లు, ఉద్యోగం, రెండు పాలసీలు ఉండి, ఇండియాలో బ్యాంకు ఖాతా, పొలం ఉన్నవారికి 10 కాపీలు ఎక్కువేం కాదు. విజిటర్ వీసా మీద వచ్చి పోయిన తల్లిదండ్రులకు నాలుగైదు చాలు.

## ఇండియాకు పంపేదైతే

అమెరికా, ఇండియా రెండూ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. ఇండియాకు ఇది 2005 నుంచి అమల్లో ఉంది. సర్టిఫికెట్ ఇచ్చిన స్టేట్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు అపోస్టిల్ వేస్తుంది. టెక్సాస్ సర్టిఫికెట్‌ను కాలిఫోర్నియాకు పంపినా, వాషింగ్టన్ డీసీలోని విదేశాంగ శాఖకు పంపినా తిరిగొస్తుంది. టెక్సాస్‌లో ఒక్కో పత్రానికి 15 డాలర్లు, కాలిఫోర్నియాలో 20. ఫారంలో దేశం పేరు ఇండియా అని రాయాలి.

కౌంటీ కాపీనా, స్టేట్ కాపీనా అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. టెక్సాస్‌లో లోకల్ రిజిస్ట్రార్, కౌంటీ క్లర్క్, స్టేట్ కాపీలు మూడూ నడుస్తాయి, కానీ కాపీ ఇచ్చి 5 ఏళ్ళు దాటకూడదు. కాలిఫోర్నియాలో కౌంటీ హెల్త్ ఆఫీసర్ సంతకంతో వచ్చిన కాపీని ముందు కౌంటీ క్లర్క్ ధ్రువీకరించాలి. కౌంటీ రికార్డర్ కాపీ గానీ స్టేట్ కాపీ గానీ అయితే ఆ మెట్టు ఉండదు. మొదటి వారాల్లో ఫ్యూనరల్ హోమ్ తెచ్చిచ్చేది తరచుగా హెల్త్ ఆఫీసర్ కాపీయే కాబట్టి ఇండియా కోసం వేరుగా రికార్డర్ దగ్గర తీసుకోండి. న్యూయార్క్ సిటీ దారి అన్నిటికంటే పొడుగు. సర్టిఫికెట్‌తో పాటు లెటర్ ఆఫ్ ఎగ్జెంప్లిఫికేషన్ (సర్టిఫికెట్ నిజమైనదేనని చెప్పే లేఖ) అడిగి తీసుకోవాలి, దాన్ని న్యూయార్క్ కౌంటీ క్లర్క్ దగ్గర ధ్రువీకరించాలి, ఆ తర్వాతే స్టేట్ అపోస్టిల్. మొదటి దరఖాస్తులో ఆ లెటర్ అడగడం మరిచిపోతే మొత్తం మళ్ళీ మొదలు.

అపోస్టిల్ కాగితాన్ని సర్టిఫికెట్‌కు కుట్టిన పిన్ను స్కానింగ్ కోసం తీయకండి, తీస్తే చెల్లదంటారు. ల్యామినేషన్ చేయించకండి.

పోయినవారికి భారత పాస్‌పోర్టే ఉంటే ఇంకో దారి కూడా ఉంది. భారత కాన్సులేట్‌లో మరణ నమోదు. పౌరసత్వ చట్టం కింద కాన్సులేట్లలో జరిగిన నమోదు 1969 చట్టం కింద ఇండియాలో జరిగిన నమోదుతో సమానమని ఆ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. పాస్‌పోర్టు రద్దు చేయించడానికి ఎలాగూ వెళ్తారు కాబట్టి ఇది కూడా అప్పుడే అడగండి. అమెరికా పౌరులై ఓసీఐ కార్డు ఉన్నవారికి ఈ దారి లేదు, వాళ్ళకు అపోస్టిల్ వేసిన అమెరికా సర్టిఫికెట్టే ఆధారం.

ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి తెలిసినవాడే, అక్కడ మళ్ళీ నమోదు చేయించేద్దామనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి. మరణం జరిగిన చోటే నమోదు కావాలి. అమెరికాలో పోయిన మనిషి ఊళ్ళో పోయినట్టు రాయిస్తే తప్పుడు నమోదు అవుతుంది, తర్వాత ఆస్తి వివాదం వచ్చినప్పుడు ఎదుటి పక్షానికి అదే ఆయుధం.

## పేరు దగ్గర జాగ్రత్త

ఆలస్యాలకు పెద్ద కారణం ఆఫీసులు కాదు, మన పేర్లే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే డ్రైవింగ్ లైసెన్సుకూ ఎక్కుతుంది. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరమే. బ్యాంకులో మూడో రకం. ఫ్యూనరల్ హోమ్ ఫారం నింపేటప్పుడు చట్టబద్ధమైన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ఇతర పేర్లకు గడి ఉంటే అందులో పాసుపుస్తకంలోని పేరు కూడా చేర్పించండి. ఆ ఒక్క గడి ఊళ్ళో 'ఇద్దరూ ఒకరే' అన్న అఫిడవిట్ల బాధ చాలావరకు తగ్గిస్తుంది.

తల్లి పేరు అడిగేచోట పెళ్ళికి ముందున్న ఇంటిపేరు కావాలి. నానమ్మ పుట్టింటి పేరు మనవళ్ళకు తెలియదు, తోచింది రాసేస్తారు. ఇండియాకు ఒక ఫోన్ చేసి కనుక్కోండి. పాత తరంలో చాలామందికి రికార్డుల్లో ఉన్న పుట్టిన తేదీ బడిలో వేసిందే, అసలు తేదీ కాదు. ఇక్కడ అసలు తేదీ రాయించకండి, పాస్‌పోర్టు తేదీయే రాయించండి.

దాఖలుకు ముందు ముసాయిదా చూపించమని అడగండి, అక్షరం అక్షరం చదవండి. నమోదు తర్వాత తప్పు దిద్దాలంటే సవరణ దరఖాస్తు, ఆధారాలు, వారాల ఎదురుచూపు. పేరు, తేదీ వంటివి ఫ్యూనరల్ హోమ్ లేదా కుటుంబం ద్వారా సవరించవచ్చు. మరణ కారణాన్ని మాత్రం సంతకం చేసిన డాక్టరో మెడికల్ ఎగ్జామినరో తప్ప ఎవరూ మార్చలేరు.

## కారణం 'పెండింగ్' అని ఉంటే

రోడ్డు ప్రమాదం, ఆకస్మిక మరణం వంటి వాటిలో మెడికల్ ఎగ్జామినర్ విచారణ ముగిసేదాకా కారణం పెండింగ్ అని వస్తుంది. ఆ కాపీ దహనానికి, బ్యాంకుకు, పాస్‌పోర్టు రద్దుకు పనికొస్తుంది. బీమా క్లెయిము మాత్రం ఆగుతుంది. ఇలాంటప్పుడు 10 కాపీలు తీసుకోకండి. మూడు తీసుకుని, కారణం చేర్చాక మిగతావి తెప్పించండి. పాత కాపీలో కారణం దానంతటదే మారదు.

## ఎవరికి ఏది

అదే ఊళ్ళో ఉన్న భార్య, భర్త, పిల్లలు: మొదటి కాపీలు ఫ్యూనరల్ హోమ్ ద్వారా, మిగతావి కౌంటీ కౌంటర్‌లో. వేరే స్టేట్‌లో ఉన్న పిల్లలు: స్టేట్ పోర్టల్ లేదా ఒప్పందమున్న ఏజెంటు. ఇండియాలో మాత్రమే వారసులుంటే, ఫ్యూనరల్ హోమ్ ఫైలు మూసేలోపే కాపీలన్నీ దాని ద్వారానే తెప్పించుకోండి. తర్వాతైతే నోటరీ, బంధుత్వ రుజువులు అన్నీ మీ నెత్తిన పడతాయి. అప్పటికే ఏడాది దాటిపోయి ఉంటే అమెరికాలో ఒక అటార్నీని ప్రతినిధిగా పెట్టుకోవడం ఖర్చయినా త్వరగా తేలే దారి. స్నేహితులు, దూరపు బంధువులు, తెలుగు సంఘాల కార్యకర్తలు సొంత పేరుతో దరఖాస్తు పెట్టకండి. ఫారం నింపిపెట్టండి, సంతకం అర్హులది ఉండాలి.

అమెరికా పౌరులైన తండ్రి హైదరాబాద్‌లో పోతే ఈ నాలుగు దారుల్లో ఏదీ వర్తించదు, ఏ కౌంటీలోనూ రికార్డు ఉండదు. జీహెచ్ఎంసీ సర్టిఫికెట్ తీసుకుని అమెరికా కాన్సులేట్‌కు తెలియజేస్తే విదేశంలో మరణించిన అమెరికా పౌరులకిచ్చే రిపోర్టు ఇస్తారు. అమెరికాలోని బ్యాంకులకు, బీమాకు అదే చూపాలి.

## పాత రికార్డులు వెతికేవారికి

వంశవృక్షం కోసమో పరిశోధన కోసమో అయితే ఆథరైజ్డ్ కాపీతో పని లేదు. టెక్సాస్‌లో 25 ఏళ్ళు, పెన్సిల్వేనియాలో 50 ఏళ్ళు దాటినవి అందరికీ తెరిచి ఉంటాయి. పెన్సిల్వేనియావి స్టేట్ ఆర్కైవ్స్‌కు చేరతాయి. కాలిఫోర్నియాలో ఇన్ఫర్మేషనల్ కాపీ చాలు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉచిత సూచికలు చూసి తేదీ, కౌంటీ పట్టుకున్నాకే డబ్బు కట్టండి.

ఇక్కడా చోటే ముఖ్యం. 1948లో అమెరికాలో కన్నుమూసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు వంటివారి రికార్డు వెతకాలనుకోండి. ఆయన పనిచేసిన పెర్ల్ రివర్ ఊరు రాక్‌లాండ్ కౌంటీలో, అంటే న్యూయార్క్ సిటీ బయట ఉంది. మరణం ఆ కౌంటీలో నమోదైతే స్టేట్ ఆరోగ్య శాఖకు రాయాలి. నగరంలో నమోదైతే మునిసిపల్ ఆర్కైవ్స్‌కు రాయాలి, ఎందుకంటే నగర ఆరోగ్య శాఖ దగ్గర 1949 నుంచే ఉన్నాయి. వెతికేటప్పుడు పేరును వేరువేరు స్పెల్లింగులతో, ఇంటిపేరును వేరుగానూ ప్రయత్నించండి. నాటి గుమస్తాలు సుబ్బారావు లాంటి పేరులో ఏది ఇంటిపేరు అనుకుని ఏ అక్షరం కింద వేశారో చెప్పలేం.